గట్టు చివరి బొరియ

ఉప్పలయ్య చేత్తో పెట్టింది ఎవరూ తిని ఎరగరు. ఇది నేను కల్పించి చెబుతున్న మాట కాదు. మునగాల అవతల మా ఊళ్లో ముప్పై ఏళ్లుగా పొలాలకు ఎలుకల మందు పెట్టిన మనిషి అతను. పెళ్లిళ్లలో వడ్డనకు మగవాళ్లంతా కండువాలు నడుముకు చుట్టి దిగితే అతను మాత్రం పందిరి బయట చెప్పుల దగ్గర నిలబడేవాడు. ఎవరూ పొమ్మన్నది లేదు, తనకు తాను పెట్టుకున్న కట్టుబాటు. కూతురు రోజాకు బిడ్డ పుట్టినప్పుడు, ఆ పిల్ల వర్షిణి నోట్లో తాతను తేనె చుక్క వెయ్యమన్నారు. భార్య ఈదమ్మను ముందుకు తోసి, "నా శెయ్యి మంచిది గాదు" అని బయటికి వెళ్లిపోయాడు. ఈ సంగతి ఈదమ్మే నాకు చెప్పి నవ్వింది. నేనూ నవ్వాను. అప్పట్లో అది నవ్వులాటగానే తోచింది.

ఆ చేతిలోంచి తిన్న ప్రాణి ఒక్కటే ఉండేది. దాని పేరు సుక్క.

గోధుమరంగు ఆడకుక్క, నుదుటి మీద తెల్లటి మచ్చ. హైవే పక్కన ధాబా వెనక, పాత టైర్ల మధ్య దొరికింది. దాని తల్లిని అంతకు ముందు రోజే లారీ గుద్దిపోయింది. కళ్లు కూడా సరిగ్గా తెరవని దాన్ని ఉప్పలయ్య రుమాల్లో చుట్టి తెచ్చాడు. తొమ్మిదేళ్లు పెంచాడు. మనుషులతో పొద్దంతా కలిపి పది మాటలు మాట్లాడని వాడు దానితో మాత్రం గట్టు పొడుగునా కబుర్లు చెబుతూ పోయేవాడు. ఏ రైతు మాట మీద నిలబడడు, ఎవరి పొలంలో ఎలుక ముదిరింది, అల్లుడు ఫోన్లో ఏమన్నాడు, అన్నీ దానికే చెప్పేవాడు. నేను ఒకటి రెండుసార్లు వెనక నడుస్తూ విన్నాను. నా గురించీ చెప్పాడు. "ఈ సారుకు అన్నిటికీ తొందరనే" అన్నాడు.

ఆ సారును నేనే. పేరు జగదీశ్. కోదాడలో పిల్లలకు లెక్కలు చెబుతాను. ఊళ్లో మా నాన్న వదిలిపోయిన ఆరెకరాల వరి మడి నా పేరు మీద ఉంది. వారానికోసారి కారులో వచ్చి గట్టు మీద నిలబడి, అది అట్లా చెయ్యి, ఇది ఇట్లా చెయ్యి అని చెప్పి పోయే రకం రైతును. నాకు కోపం ఎక్కువని బళ్లో పిల్లలంటారు. నిజమే, నాకు నా మీద కోపం రావడానికి మాత్రం నలభై నాలుగేళ్లు పట్టింది.

ఉప్పలయ్య పని ఎట్లా ఉండేదో చెప్పాలి, లేకపోతే జరిగింది అర్థం కాదు. ఎలుకకు అనుమానం ఎక్కువ. కొత్త తిండి కనబడితే వెంటనే తినదు. కొంచెం రుచి చూసి వదిలేస్తుంది, ఒంట్లో తేడా అనిపిస్తే మళ్లీ ఆ వాసన దగ్గరికే రాదు. అందుకని మొదటి రెండు రోజులు ఉత్త నూకల్లో కాస్త నూనె కలిపి, చిన్న చిన్న పొట్లాలు కట్టి బొరియల్లో పెడతాడు. వాటిలో ఏ మందూ ఉండదు. ఎలుక రెండు రోజులు తింటుంది, ఏమీ కాలేదని నమ్ముతుంది. మూడో రోజు అవే నూకలు, అదే నూనె, అదే కాగితం. లోపల మాత్రం నల్లటి పొడి కలుస్తుంది. జింకు ఫాస్ఫైడ్ అని దాని పేరు. అది కడుపులోకి పోయిందంటే విషపు గాలిగా మారి లోపల్నుంచే చంపుతుంది.

పొట్లాల కాగితాలు నావే. పిల్లల పాత జవాబు పత్రాలు బస్తాకెత్తి తెచ్చి ఇచ్చేవాణ్ని. నా ఎర్ర సిరా టిక్కులతో, సున్నాలతో ఎలుకలు భోంచేస్తున్నాయని స్టాఫు రూములో జోకులు కూడా వేశాను.

ఏ బొరియలో ఎలుక ఉందో, ఏది ఉత్తదో తెలుసుకోవడానికి మిగతావాళ్లు ముందు రోజు అన్నిటినీ మట్టితో పూడ్చి, మర్నాడు ఏవి తెరుచుకున్నాయో చూస్తారు. ఉప్పలయ్యకు ఆ బాధ లేదు. సుక్క ముక్కు పెట్టి చూసి, ఎలుక ఉన్నచోట ముందరి కాలు ఎత్తి నిలబడేది. ఎడమ కంట్లో శుక్లం ముదిరి అతనికి బొరియలే సరిగ్గా ఆనని ఈ రెండేళ్లలో పని మొత్తం దాని మీదే నడిచింది. సాయంత్రం పని ముగిశాక గట్టు చివరి బొరియ దగ్గర కూర్చుని ఒక పొట్లం విప్పేవాడు. నూకలు అరచేతిలో పోసుకుని, "ఇగ దా, నీ కూలి తీస్కో" అనేవాడు. సుక్క అరచెయ్యంతా నాకేది. మందు లేని నూకలు కాబట్టి భయం లేదు. ఆ చెయ్యి ఊళ్లో ఎవరికీ తగలకుండా అతను జాగ్రత్తపడుతుంటే అది నాలుకతో కడిగినంత పని చేసేది. చూస్తే నాకే కడుపు నిండినట్టుండేది.

ఇక మూడో రోజు సుక్క పొలానికి రాదు. తెల్లారకముందే ఈదమ్మ దాన్ని మంచం కోడుకు కట్టేసేది. సాయంత్రం ఉప్పలయ్య ఇంటికొచ్చి, సబ్బుతో మూడుసార్లు చేతులు కడిగి స్నానం చేశాకే విప్పేవాళ్లు. మొదటి రోజు, రెండో రోజు కుక్క వెంట, మూడో రోజు కుక్క కట్టు. తొమ్మిదేళ్లలో ఈ లెక్క ఒక్కసారి తప్పలేదు. తప్పించింది లెక్కల మాస్టారు.

యాసంగి నాటు పడి నెల దాటింది. మా మడిలో అప్పటికే ఎలుకలు పైరు కొరికి దుబ్బులు దుబ్బులుగా పడేస్తున్నాయి. ఉప్పలయ్య మొదటి రోజు నూకలు పెట్టాడు. రెండో రోజు మధ్యాహ్నం బళ్లో ఉండగా మా కాలువ నీళ్లు చూసే లష్కరు చందు ఫోన్ చేశాడు.

"సార్, రేపు పొద్దుగాల మన తూముకు నీళ్లిడుస్తున్నరు. మీ మడిల ఏమన్న పని ఉంటే ఇయ్యాలనే సూస్కోండ్రి" అన్నాడు.

నీళ్లొస్తే గట్లు తడుస్తాయి, బొరియల్లో పొట్లాలు నాని పాడవుతాయి. మళ్లీ నీళ్లు కట్టేసి గట్లు ఆరేదాకా ఆగాలంటే పది రోజులు. చివరి పీరియడు వేరే వాళ్లకు అప్పజెప్పి, మందు డబ్బా కారులో వేసుకుని వచ్చాను. నాలుగున్నరయింది. ఉప్పలయ్య సగం గట్టు మీద ఉన్నాడు, సుక్క ముందర నడుస్తోంది.

"ఉప్పలయ్యా, ఇయ్యాలనే మందు పెట్టెయ్" అన్నాను.

"రేపు గద సారూ మందు. ఇయ్యాల రెండో దినమే."

"రేపు నీళ్లొస్తయట. ఒక్క దినం తక్కువైతే ఏమైతది?"

"ఎల్కలు నమ్మవు సారూ" అని, ఆ మాట నాకు చాలదని అతనికే తోచినట్టుంది, కుక్క వైపు చూశాడు. "ఇదీ నాతోనే ఉన్నది."

"ఇంటికి తోలు."

జేబులోంచి చిన్న ఫోన్ తీసి ఈదమ్మకు చేశాడు. ఆమె ఎవరిదో మిరప చేనులో కాయ తెంపడానికి పోయింది, ఫోన్ ఇంట్లోనే మోగింది. ఇంకోసారి చేశాడు. అదీ అంతే.

"అద్దగంట ఇయ్యుండ్రి సారూ. కట్టేసొస్త" అన్నాడు.

"నువ్వు పోయి వచ్చేవరకు పొద్దు గూకుతది. ఎప్పుడు కలుపుతవ్, ఎప్పుడు పెడ్తవ్?" అన్నాను.

అరగంట అడిగాడు. నేను ఇవ్వలేదు. పోనీ, రోడ్డు మీద నా కారుంది. సుక్కను ఎక్కించుకుని నేనే ఇంటి దగ్గర దింపి, కట్టేసి రావచ్చు, పది నిమిషాల పని. ఆ ఆలోచన నాకు రాలేదని ఇప్పటికీ నన్ను నేను నమ్మించుకోవాలని చూస్తాను. వచ్చింది. కారు కొని నాలుగు నెలలు కాలేదు, సుక్క కాళ్లకు మోకాలి దాకా బురద ఉంది.

ఉప్పలయ్య దాన్ని రోడ్డు దాకా తోలుకుపోయాడు. "ఇంటికి పో" అన్నాడు. అది తోక ఊపుతూ నిలబడింది. రెండో రోజు పని ఇంకా సగముందని దానికి తెలుసు. చివరికి వంగి మట్టిపెళ్ల తీసి విసిరాడు. తొమ్మిదేళ్లలో దాని మీద అతను విసిరిన మొదటి పెళ్ల అదే అయి ఉంటుంది. తగల్లేదు. సుక్క తోక ముడుచుకుని నాలుగడుగులు పోయి, తిరిగి చూసి, మళ్లీ పోయింది.

మేం పని మొదలెట్టాం. చేతికి పాలిథిన్ కవరు తొడుక్కుని, కట్టెతో తిప్పుతూ నల్లపొడి కలిపాడు ఉప్పలయ్య. దూరంగా కూర్చుని నేను కాగితాలు చింపి ఇచ్చాను. సుక్క లేదు కాబట్టి నిన్న పెట్టిన గుర్తులను బట్టి ఒక్కో బొరియే వంగి వంగి వెతుక్కున్నాడు. గట్టు చివరి బొరియతో పని ముగిసింది. మోటారు దగ్గరికొచ్చి సబ్బుతో చేతులు కడుక్కోవడం మొదలుపెట్టాడు. మూడోసారి సబ్బు రుద్దుతుండగా సుక్క వచ్చింది. అవతలి గట్టు మీద నుంచి వచ్చినట్టుంది, మేం చూడలేదు. నాలుకతో మూతి నాక్కుంటూ, తోక ఊపుకుంటూ వచ్చి అతని కాళ్ల దగ్గర నిలబడింది.

ఉప్పలయ్య మోకాళ్ల మీద కూర్చుని దాని మూతి దగ్గర ముక్కు పెట్టాడు. అట్లాగే ఉండిపోయాడు.

"ఏమైంది?" అన్నాను.

"ఎల్లిగడ్డ వాసనొస్తుంది సారూ" అన్నాడు.

ఆ మందు వాసన అచ్చం వెల్లుల్లి వాసన లాగే ఉంటుంది. అతను చివరి బొరియ దాకా పరుగెత్తాడు. నేనూ వెనకే పోయాను. మట్టి తవ్వి ఉంది. చినిగిన కాగితం ముక్క ఒకటి గట్టు మీద ఉంది, దాని మీద నా ఎర్ర సిరా టిక్కు. నూక గింజ ఒక్కటి మిగల్లేదు. దాని కూలి అది తీసుకుంది. రెండో రోజు నూకల్లో ఏమీ ఉండదని నేర్పింది మేమే కదా.

ఉప్పలయ్య దాన్ని భుజాన వేసుకున్నాడు. "ఏం తాపొద్దు సారూ. కారు తియ్యుండ్రి, దవాఖానకు పోదాం" అన్నాడు. ముప్పై ఏళ్లు ఆ మందుతో బతికిన మనిషి చెప్పిన మాట అది. నేను వినలేదు. మా ఊళ్లో పురుగుమందు తాగినవాళ్లకు చింతపండు పులుసు తాగించి కక్కించడం చిన్నప్పటి నుంచి చూశాను. కొందరు బతికారు కూడా. ఏ మందుకు ఏది పనికొస్తుందో, ఏది కొంప ముంచుతుందో ఎవరం అడిగాం గనక.

"ముందు కక్కించాలె. కడుపుల ఉన్నది బయటికి వస్తెనే బతుకుతది" అని గద్దించాను.

దార్లోనే వాళ్ల ఇల్లు. ఈదమ్మ అప్పుడే చేను నుంచి వచ్చి కాళ్లు కడుక్కుంటోంది. భర్త భుజం మీద కుక్కను చూసి చెంబు వదిలేసింది. "ఇయ్యాల రెండో దినమే గద?" అంది. చింతపండు పిసుకమని నేను అరిస్తే లోపలికి పరుగెత్తింది. కూల్‌డ్రింకు సీసాలో పులుసు పోసి, ఉప్పలయ్య దవడలు తెరిచి పట్టుకుంటే నేను తాగించాను. సుక్క గింజుకుంది. సగం కింద పోయింది, సగం లోపలికి పోయింది. అది వాంతి చేసుకుంటుందని చూశాం. కాస్త నురగ మాత్రం వచ్చింది. తర్వాత పొట్ట ఉబ్బడం, ఎగపోత మొదలయ్యాయి. నా పొరపాటు అప్పటికి నాకింకా తెలియదు, భయం మాత్రం వేసింది.

అప్పుడు గుర్తొచ్చింది డాక్టరు. కోదాడలో పశువుల డాక్టరు ఊర్మిళగారి కొడుకు నా దగ్గరే చదువుకున్నాడు. ఉప్పలయ్య సుక్కను ఒళ్లో పెట్టుకుని వెనక సీట్లో కూర్చున్నాడు, నేను కారు తీస్తూ స్పీకరు పెట్టి ఫోన్ చేశాను.

ఆమె తొందరపడకుండా ఒక్కొక్కటే అడిగింది. ఏం తిన్నది, ఎంత తిన్నది, ఎంతసేపయింది, కుక్క బరువెంత ఉంటుంది. మందు డబ్బా తీసుకొస్తున్నారా అంది. డబ్బా పక్క సీటు కిందే ఉంది. కారు అద్దాలన్నీ దించమంది, అది కక్కితే వచ్చే గాలి మనుషులకూ ప్రమాదమేనట. దించాను.

"నోటి ద్వారా ఏమీ ఇవ్వకండి. అన్నం, పాలు, గుడ్డు ఏదీ వద్దు. ముఖ్యంగా పులుపు తగలకూడదు. ఈ మందుకు పులుపు తగిలితే గాలి ఇంకా ఎక్కువ పుడుతుందండీ, నిమిషాల్లో ముదురుతుంది" అని ఆగి, "ఇప్పటిదాకా ఏమైనా పట్టించారా మాస్టారూ? మజ్జిగ గానీ, నిమ్మరసం గానీ, చింతపండు గానీ? పట్టించి ఉంటే చెప్పండి. దారిలో మెడికల్ షాపులో కడుపులో పులుపు విరిచే సిరప్ కొనిపించి, ఎంత పట్టాలో చెబుతాను. నా దగ్గరికి వచ్చేలోపు కొంత ఆపొచ్చు" అంది.

స్టీరింగు మీద నా చేతులకు చింతపండు పులుసు ఇంకా జిగటగా అంటుకుని ఉంది.

"లేదు మేడమ్, ఏం పట్టలేదు" అన్నాను.

ఎందుకన్నానో ఎన్నోసార్లు ఆలోచించాను. నన్నెవరూ కొట్టరు, ఉద్యోగం పోదు. చదువుకున్నవాణ్ని, తెలియక చేశానని ఒక ఆడమనిషి ముందు, తన కొడుకుకు చదువు చెప్పిన సారునని గౌరవించే మనిషి ముందు ఒప్పుకోవాలి. అంతే. హోంవర్కు చెయ్యని పిల్లలు నోరు తెరిచీ తెరవకముందే అబద్ధం ఎట్లా ఆడతారా అని తిట్టేవాణ్ని. అంతే సులువుగా వస్తుందది.

"అయితే ఏమీ ఇవ్వకుండా నేరుగా తెచ్చెయ్యండి" అని ఆమె ఫోన్ పెట్టేసింది.

హైవే ఎక్కాం. మునగాల వచ్చింది. ఎడమ పక్క మెడికల్ షాపు తెరిచే ఉంది, అప్పుడే లైట్లు వేశారు, కౌంటరు దగ్గర ఒక్క మనిషి కూడా లేడు. బ్రేకు మీద కాలు పెట్టాను. ఆపితే ఎందుకాపానో వెనక ఉన్నవాడికి చెప్పాలి, మళ్లీ ఆమెకు ఫోన్ చెయ్యాలి, ఇందాక చెప్పింది అబద్ధమని అనాలి. కాలు తీసేశాను. షాపు దాటిపోయింది. వెనక ఉప్పలయ్య ఏమీ అనలేదు. సుక్క మూలుగు ఒక్కటే వినబడుతోంది.

కోదాడలో ఊర్మిళగారు ఇంటి ముందర గదిలోనే బల్ల మీద అన్నీ సిద్ధం చేసుకుని నిలబడి ఉన్నారు. సూదులు వేశారు, సెలైను ఎక్కించారు, గొట్టం వేసి కడుపు కడిగే ప్రయత్నం చేశారు. అప్పటికే సుక్క కాళ్లు కొట్టుకుంటున్నాయి. ఉప్పలయ్య రెండు చేతులూ వెనక కట్టుకుని గోడకు ఆనుకుని ఉన్నాడు.

"తల మీద చెయ్యి వెయ్యండి పెద్దాయనా. మీ చెయ్యి తగిలితే కాస్త నిమ్మళిస్తుంది" అందామె.

"నా చేతులు మంచియి గావమ్మా" అన్నాడు.

"ఫరవాలేదు, వెయ్యండి."

వేశాడు. సుక్క ఆ అరచెయ్యి నాకబోయింది, నాలుక సాగలేదు. పది నిమిషాలైనా పట్టలేదు, అయిపోయింది. ఊర్మిళగారు చేతి తొడుగులు తీసేస్తూ, "ఇంత వేగంగా ముదరడం నేను చూళ్లేదు" అన్నారు నా వైపు చూసి. నేను గోడ మీద టీకాల చార్టు చదువుతున్నాను.

దాన్ని ఇంటి వెనక పూడ్చాడు ఉప్పలయ్య. ఇంకో కుక్క తవ్వకుండా నడుము లోతు గొయ్యి తీశాడు. నన్ను పార పట్టనివ్వలేదు. కోపంతో కాదు, "మీరు ఇంటికి పోండ్రి సారూ, పొద్దువోయింది, మీ ఇంటామె ఎదురుసూస్తుంటది" అని నా గురించే ఆలోచించాడు. మర్నాడు పొద్దున్నే మళ్లీ నా పొలంలోకి దిగి, చచ్చిన ఎలుకల్ని ఏరి గుంత తీసి పూడ్చాడు. కాకులూ కుక్కలూ తినకూడదని ఎప్పుడూ చేసే పనే. ఎలుకలు పట్టుమని పది కూడా చావలేదు. ఒక్క రోజు నూకలకు అవి నమ్మలేదు. నమ్మింది సుక్క.

ఇంకొకటి కూడా చెప్పాలి. మర్నాడు కాలువకు నీళ్లు రాలేదు. పైన ఎక్కడో షట్టరు మరమ్మతని చెప్పారు. నాలుగు రోజులకు వచ్చాయి. మూడో రోజు మందు మూడో రోజే పెట్టుకుని ఉండొచ్చు. అరగంట కాదు, అతనడిగితే నాలుగు రోజులు ఇవ్వగలిగేవాణ్ని.

ఆ తర్వాత ఉప్పలయ్య మందు ముట్టలేదు. ఎందరు రైతులు ఇంటికొచ్చి అడిగినా, "నాకు కండ్లు ఆనుతలేవు" అన్నాడు. సగం నిజమే. మెల్లగా కూతురు రోజా వాళ్ల దగ్గరికి, మిర్యాలగూడకు పోయారు ఇద్దరూ. అక్కడొక రైస్ మిల్లులో ఉడికించిన వడ్లు ఆరబోసే కళ్లంలో పని దొరికింది. ఎండలో కాళ్లతో వడ్లు తిరగేస్తూ పొద్దంతా నడవాలి. మిల్లువాళ్లు అతని పాత పని సంగతి తెలుసుకుని గోదాముల్లో ఎలుకలకు మందు పెట్టమన్నారట. పెట్టనన్నాడట. పని మానిపిస్తామని బెదిరించారట కూడా.

వానాకాలం పంటకు మా మడిలో ఎలుకలు మళ్లీ దిగాయి. కొత్తవాళ్లెవరూ సరిగ్గా చెయ్యడం లేదు. నేను మిర్యాలగూడ బయల్దేరాను. జరిగింది చెప్పి క్షమించమని అడగడానికే పోతున్నానని దారంతా అనుకున్నాను. ఎలుకల కోసమని మాత్రం అనుకోలేదు. రెండూ ఉన్నాయి.

కళ్లం మీద మధ్యాహ్నం అన్నం వేళ. గోడ నీడలో ఒక్కడే కూర్చుని ఉన్నాడు ఉప్పలయ్య. మనిషి సగమయ్యాడు. నన్ను చూసి లేవబోయాడు. కూర్చోమని పక్కనే కూర్చున్నాను. వర్షిణి బాగుందా అని అడిగాను. బాగుందన్నాడు. మీ ఒళ్లు ఎట్లుందన్నాడు. ఇక ఆగలేక, తల వంచుకునే చెప్పేశాను.

"ఉప్పలయ్యా, ఆ దినం డాక్టరమ్మ అడిగితే నేను అబద్ధం చెప్పిన. చింతపండు పట్టలేదన్న. చెప్పుంటే దారిల సిరప్ కొనిపిస్తుండె. సుక్క బతుకుతుండెనేమో. నీ చెయ్యి కాదు, నా చెయ్యి సంపింది దాన్ని."

అతను చేతిలో ముద్ద డబ్బాలోనే వదిలి వడ్ల వైపు చూశాడు.

"నాకెరుకే సారూ. నేను ఎనక సీట్లనే ఉంటి. డాక్టరమ్మ మాట అంత ఇనొచ్చింది."

"మరి ఎందుకు చెప్పలేదు?" అన్నాను.

"సారు పట్టలేదన్నంక నేను పట్టినమని ఎట్లంట? డాక్టరమ్మ ముంగట మీ మాట పోదా?" అన్నాడు. ఎత్తిపొడుపుగా అనలేదు, మామూలుగానే అన్నాడు. "మునగాల కాడ మందుల దుకాణం సూసిన. లైట్లేసి ఉండె. ఆపుండ్రి అందామని నోటి దాక వచ్చింది. మీరు బ్రేకు మీద కాలేసిండ్రు. ఆపుతరనే అనుకున్న. ఆపకపోతిరి. నేనూ ఊకుంటి."

"నన్ను తిట్టు ఉప్పలయ్యా."

"మిమ్ముల నేనేమంట సారూ. మీది వారానికొక్క దినం పరిచయం దానితోని. నాది తొమ్మిదేండ్లు. అది నా ఒళ్లె కొట్టుకుంటుంటే నేను మీ ఇజ్జత్ సూస్కుంట కూసున్న." మెతుకులంటిన వేళ్లు డబ్బా అంచుకు తుడుచుకున్నాడు. "ఒక్క మాట. 'ఆపు సారూ' అంటే అయిపోతుండె. గా ఒక్క మాట రాకపాయె."

అన్నం డబ్బా మూత పెట్టాడు. సగం అన్నం అట్లాగే ఉంది. కళ్లం అవతల్నుంచి మిల్లు కుక్కపిల్ల ఒకటి వాసన పట్టుకుని వచ్చి అతని మోకాలి దగ్గర నిలబడి మూలిగింది. ఆ అన్నంలో ఏ మందూ లేదు, ఈదమ్మ వండి కట్టిన పప్పన్నం. ఉప్పలయ్య దాన్ని అదిలించలేదు. డబ్బా నా వైపు జరిపాడు.

"మీరు పెట్టుండ్రి సారూ" అన్నాడు.

డబ్బా తీసుకున్నాను. చాలాసేపు చేతిలో పట్టుకుని కూర్చున్నాను. నాకూ చెయ్యి రాలేదు.